వదిలెయ్ నాయనా

పీరాసాబ్ బసప్పకు గుప్పెడు శెనక్కాయలు ఇచ్చి, సామికీ ఇవ్వబోయాడు. సామి చెయ్యి తెరవలేదు. పిడికిళ్ళు విప్పకుండానే ఒళ్ళోని కాషాయం గుడ్డను ముందుకు తోశాడు.

"చెయ్యి తెరిస్తే పుణ్యం కారిపోతాదా సామీ?" అన్నాడు పీరాసాబ్. ఊరూరా తిరిగి తాళ్ళూ మోకులూ అమ్ముకునే మనిషి. నోటికి అదుపు లేదు.

"అది ముద్ర సాబూ, నీకు తెల్దులే" అన్నాడు పక్కనే ఉన్న బసప్ప.

సామి నవ్వాడు. ఆ నవ్వు చూసి పీరాసాబ్ ముఖం మారిపోయింది. బసప్పను తన బండి చాటుకు లాక్కుపోయాడు.

"ఈ మనిషి యాడోడప్పా?"

"ఏమో. వచ్చి రెండేళ్ళాయ. ఏం?"

"మా ఊరోడు, విడపనకల్లోడు. ఆ పంటి సందు నాకు తెల్దా? కుళ్ళాయప్ప."

బసప్ప చేతిలోని శెనక్కాయలు నేల రాలాయి.

ఆ పేరు కోసమే అతను బతుకుతున్నాడు.

బసప్ప చిన్నప్పుడు, గంజి కేంద్రాలు పెట్టిన కరువులో, అతని నాయన ఊరి బయట బావి తవ్వుతూ చచ్చిపోయాడు. ఆ రోజు నాయనను లోపలికి దించుతూ పైన మోకు పట్టుకున్నది ఒక్కడే, పొరుగూరినుంచి కూలికొచ్చిన కుళ్ళాయప్ప. జనం పరుగెత్తుకొచ్చేసరికి నాయన అడుగున రాళ్ళ మీద ఉన్నాడు. కుళ్ళాయప్ప లేడు.

ఆ తరువాత తల్లి బయమ్మ బాప్తిస్మం తీసుకుంది, కొడుక్కీ ఇప్పించింది. శత్రువును క్షమించమనే వాక్యం దగ్గర మాత్రం చెవులు మూసుకునేది.

"మోకు గట్టిగా పట్టుకున్నోని చెయ్యి తోలు లేస్తాది. వాడు వదిలేసినాడు. వాని చేతులు నున్నగా ఉంటాయి. ఆ చేతులు నరికి నా సమాధి మీద పెట్టు" అని చెప్పి కన్ను మూసింది.

రెండేళ్ళ కిందట ఆ ఊరికే వచ్చాడు సామి. ఒంటి మీద కాషాయం, మెడలో కొయ్య సిలువ. పద్మాసనం వేసి యేసును తలుచుకుంటాడని పాస్టరు చర్చి గడప తొక్కనివ్వలేదు. సిలువ వేసుకున్నాడని గుడి వాళ్ళు అరుగు ఎక్కనివ్వలేదు. రెంటికీ చెడ్డ రేవడి అని ఊరంతా నవ్వింది.

బసప్ప నాయన చచ్చిన ఆ ఎండు బావినే సామి గుహ చేసుకున్నాడు.

"ఇన్ని గుట్టలుండగా బావి ఏంది సామీ?" అని అడిగాడు బసప్ప మొదట్లో.

"గుట్ట మీద కూచుంటే జనం చూస్తారు. బావిలో అయితే దేవుడొకడే చూస్తాడు."

ఆ మాటకు బసప్ప శిష్యుడైపోయాడు. తెల్లవారగానే సామిని కొయ్య పలక మీద కూర్చోబెట్టి మోకుతో దించడం, పొద్దెక్కాక పైకి లాగడం అతని పని. సామి ఊపిరి పట్టడం నేర్పాడు.

"గాలి లోపలికి పీల్చు, యేసూ అను. బయటికి వదిలేటప్పుడు నీ కడుపులో మండేదాని పేరు చెప్పు. వదిలెయ్ నాయనా."

బసప్ప రోజూ కుళ్ళాయప్ప అనేవాడు. సామి కూడా గొంతు కలిపి కుళ్ళాయప్ప అనేవాడు. నా మంట నా గురువు కూడా మోస్తున్నాడని బసప్ప పొంగిపోయేవాడు. తండ్రి పోయాక మళ్ళీ తండ్రి దొరికాడనుకున్నాడు.

ఇప్పుడు ఒళ్ళంతా నిప్పు పాకింది.

మరునాడు నడుముకు కొడవలి దోపుకుని బావి దగ్గరికి వెళ్ళాడు. సామి అప్పటికే పలక పక్కన నిలబడి ఉన్నాడు. కొడవలి చూశాడు.

"సాబు చెప్పినాడా?"

"చెప్పినాడు. నిజమేనా?"

"నిజమే."

"మా నాయనను చంపి, నా చేత కాళ్ళు పట్టించుకున్నావు."

"మీ నాయన బరువు ఇంకా ఈ చేతుల్లోనే ఉండాది బసప్పా."

ఆ మాట బసప్పకు ఒప్పుకోలులాగే వినిపించింది.

"ఎక్కు" అన్నాడు.

సామి ముడిచిన చేతులతోనే పలక మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"మోకు నీ చేతిలో ఉండాది. నాకు బయం లేదు. నీ కడుపులోది మాత్రం వదిలెయ్ నాయనా."

గిలక కిర్రుమంది. సామి తల గట్టు కిందికి దిగింది.

బసప్ప ఊపిరి పీల్చాడు. యేసూ అనలేదు.

"కుళ్ళాయప్పా" అంటూ వేళ్ళు విప్పేశాడు.

కింద చప్పుడు ఆగాక, గోడ రాళ్ళ సందుల్లో కాళ్ళు పెట్టుకుంటూ దిగాడు. నాయన పడినచోటే సామి పడి ఉన్నాడు. ఊపిరి లేదు.

తల్లికిచ్చిన మాట మిగిలింది. కుడి పిడికిలిని రాయి మీద పెట్టి కొడవలి ఎత్తాడు. నరికే ముందు ఆ నున్నటి చెయ్యి ఒక్కసారి చూడాలనిపించింది. వేళ్ళు విప్పబోయాడు. విచ్చుకోలేదు. బలంగా లాగితే సగం తెరుచుకుని ఆగిపోయాయి.

అది ముద్ర కాదు.

అరచేతిలో మంచి తోలన్నది లేదు. మోకు ఒరుసుకుపోయిన పాత గాయం గట్టిపడి, వేళ్ళను లోపలికి లాగి కట్టేసింది. ఎడమ చెయ్యీ అంతే.

కొడవలి రాళ్ళ మీద పడింది.

చప్పుడు విని వచ్చిన పీరాసాబ్ పైనుంచి తొంగిచూశాడు.

"ఏమాయ బసప్పా? మోకు జారిందా?"

బసప్ప తన రెండు అరచేతులూ వెలుగులోకి చాపి చూసుకున్నాడు, చిన్న గీత కూడా లేకుండా అవి నున్నగా ఉన్నాయి.