విశ్వసనీయ వర్గాలు

"నువ్వు రాసేది కుడిచేత్తోనా, ఎడంచేత్తోనా?" అని అడిగాడు మేనేజరు.

ప్రేమదాసు మేష్టారు రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. అద్దంకి మిషన్ స్కూల్లో పిల్లల లెక్కలు దిద్దే చేతులవి. మద్రాసు సినిమా వారపత్రికలో 'చెవిపోగు' అనే పేరుతో వారం వారం తారల గుట్టు విప్పేదీ ఆ చేతులే. ఈ సంగతి భార్య ఎలీసమ్మకు తప్ప ఊళ్లో పురుగుకు కూడా తెలియదు. అలాంటిది, మిట్టమధ్యాహ్నం మద్రాసు నంబరు అంబాసిడరు ఒకటి తిన్నగా వచ్చి ఆయన గుమ్మంలోనే ఆగింది. ఎలీసమ్మ చూస్తే స్త్రీల కూడికకు వెళ్లింది. ఇంట్లో ఆయన ఒక్కడే.

పత్రికాఫీసులో అడ్రసు పట్టుకుని వచ్చింది ఇద్దరు. ఒకడు సఫారీ వేసుకున్న మేనేజరు, ఓ సినిమా హీరోగారి మనిషి; ఇంకొకడు ఖాకీ చొక్కా డ్రైవరు. మేనేజరు కుర్చీ లాక్కుని కూర్చుని పత్రిక విప్పాడు.

"'ఉంగరాల జుట్టు హీరోగారు ఊరి చివర చిన్నిల్లు పెట్టారట. పచ్చ గేటు, వరండాలో ఉయ్యాల, పెరట్లో మునగచెట్టు. ఇది విశ్వసనీయ వర్గాల భోగట్టా.' ఎవరయ్యా నీ విశ్వసనీయ వర్గాలు?"

"ఎవరూ లేరండీ! నేనే అల్లి రాశానండి. ప్రభువు సాక్షి!"

అది అక్షరాలా నిజం. మేష్టారు పుట్టి బుద్ధెరిగాక మద్రాసు మొహం చూసినవాడు కాదు. ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగినా దానికో హీరో మొహం తగిలించి పోస్టులో పడేయడమే ఆయన పనితనం. ఈ చిన్నిల్లు కూడా ఈ ఊరిదే. మిరపకాయల కొట్టు యలమందయ్యది.

"అది యలమందయ్యగారి చిన్నిల్లండీ. గేటూ చెట్టూ అన్నీ ఆయనవేనండి. కావాలంటే ఇప్పుడే చూపిస్తాను, రండి!"

"నాకు కథలు చెప్పకు. సినిమావాణ్ణి, రోజూ వింటూనే ఉంటాను," అన్నాడు మేనేజరు. "గేటు సరిపోయింది, ఉయ్యాల సరిపోయింది, చెట్టూ సరిపోయింది. ఆ ఇంటి గుట్టు తెలిసింది మొత్తం నలుగురికి. నీ రాత చదివి అమ్మగారు పుట్టింటికి వెళ్లిపోయారు. అయ్యగారు షూటింగు మానేసి మంచమెక్కారు. ఆ నలుగురిలో నీకు ఈ కబురు మోసింది ఎవడో పేరు చెప్పు, వెళ్లిపోతాం. చెప్పవా, కారెక్కు. మద్రాసు వచ్చి చెబుదువుగాని."

మేష్టారు గుమ్మంలోని కారు వంక చూశాడు. ఇలా కారెక్కిన వాళ్లు ఏ అవతారంలో తిరిగొచ్చారో తన కాలమ్‌లోనే ఎన్నిసార్లు రాశాడో! అవీ అల్లికలే. అల్లినవన్నీ ఇలా నిజమై కూర్చుంటుంటే, అవి మాత్రం కాకుండా పోతాయా? నాలుక పిడచగట్టుకుపోయింది.

డ్రైవరుకు జాలేసినట్టుంది. కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి తెచ్చిచ్చాడు.

"తాగండి మేష్టారూ. మాదీ ఇటుపక్కే, చీమకుర్తి," అన్నాడు గొంతు తగ్గించి. "మీకెందుకొచ్చిన గొడవండీ ఇదంతా? పిల్లలకి చదువు చెప్పుకునేవోళ్లు. ఏదో ఒక పేరు చెప్పి బయటపడండి."

ఆ మాటతో మేష్టారికి ప్రాణం లేచొచ్చింది. నిజమే, ఏదో ఒక పేరు! కానీ ఏ పేరు? నోటికొచ్చిన పేరు గల మనిషి అక్కడ నిజంగానే ఉంటే వాడి గతేం కాను? అంత భయంలోనూ అంత దూరం ఆలోచించాడంటే, పాపం మంచివాడే. సుబ్బారావు అందామంటే మద్రాసు నిండా సుబ్బారావులే. ఇమ్మానియేలు ఉండనే ఉంటాడు, గౌస్ బాషా అయితే సరేసరి. మన గుంటూరు, ప్రకాశం జిల్లాలు దాటితే ఎవరూ పెట్టుకోని పేరు కావాలి. మద్రాసంతా గాలించినా దొరకని పేరు కావాలి.

"ఇక చాలు, నడు!" మేనేజరు లేచి ఆయన భుజం పట్టుకుని గుమ్మం వైపు తోశాడు. మేష్టారి చేతిలోని నీళ్లు సగం చొక్కా మీద ఒలికాయి. గ్లాసు కింద పడకుండా డ్రైవరు అందుకున్నాడు.

"చెబుతానండీ! చెప్పేస్తాను!" మేష్టారు గుమ్మం పట్టుకుని కేక పెట్టాడు. "బుడే! బుడే చెప్పాడండీ నాకు!"

భుజం మీద చెయ్యి వదులైంది. అమ్మయ్య, నమ్మాడు! మేష్టారు కళ్లు మూసుకుని గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. మెల్లగా కళ్లు తెరిచాడు. మేనేజరు ఆయన వంక చూడటం లేదు. గ్లాసు పట్టుకుని నిలబడ్డ డ్రైవరు వైపు తిరిగి చెయ్యి చాపాడు.

"కారు తాళాలు ఇటియ్యరా, బుడే."