నల్లమడ్డి వంతు

ట్రాక్టరు సారక్క చేను గట్టు ఎక్కబోతుంటే సిలువయ్య అడ్డం వచ్చి నిలబడ్డాడు.

డ్రైవర్ అంజన్న బండి ఆపాడు.

"జరుగు సిలువయ్యా. ఈ పారి వంతు నాది," అంది సారక్క.

"నీదే అక్కా. కాదన్ననా? నాకియ్యి అంటున్న."

"ఎందుకియ్యాలె?"

"బదులు రెండు బండ్ల బర్రెపెంట తోలిస్త."

"నీ పెంట నువ్వే ఉంచుకో. పక్క ఊరోళ్ల చేన్లు సూడు, మడ్డి పడంగనే ఎట్ల పచ్చవడ్డయో."

తొట్టిలో ఉన్నది నల్లమడ్డి. పట్నంలో ఇళ్ల మురుగూ ఫ్యాక్టరీల నీళ్లూ కలిపి శుభ్రం చేసే ప్లాంటులో అడుగున మిగిలేది. ఎరువుగా పనికొస్తుందని రైతులకు ఊరికే ఇచ్చేవారు.

బల్లార్‌పూర్ దగ్గర, బామ్ని అవతల ఉన్న ఆ చిన్న ఊళ్లో దానికి వంతులు పెట్టుకున్నారు. వంతు తప్పితే కొట్లాటే.

సిలువయ్య ఆ ఊరివాడు కాదు. మడ్డి రావడం మొదలైన ఏడే ఎక్కడినుంచో ఒంటరిగా వచ్చి, ఊరి చివర రాళ్ల చెలక కొన్నాడు.

అందులో గింజ వేయలేదు. పెద్ద గుంత తవ్వించి, అడుగున మందపాటి ప్లాస్టిక్ పరిపించాడు. వచ్చిన మడ్డి అంతా అందులోనే పోయించుకునేవాడు.

ఎవరి వంతు వచ్చినా పెంట ఇచ్చి మార్చుకునేవాడు. అందుకోసమే బర్రెలను సాకేవాడు.

"పెంటిచ్చి మడ్డి తీస్కుంటుండంటే, దాంట్ల ఏదో ఉన్నట్టే," అనేవాడు ఊరి రైతు రాజలింగు, చాయ్ తాగుతూ.

"గడ్‌చాందూర్ దిక్కు అమ్ముతుండేమో," అనేవాడు పక్కనున్న ఇంకో రైతు.

"అమ్మంగ ఎవరన్న సూసిండ్రా?"

"మనం సూసేటట్టు అమ్మితే ఆయన సిలువయ్య ఎట్లయితడు?"

అట్లా మడ్డి సిలువయ్య అని పేరు పడింది.

అందరూ మార్చుకున్నా సారక్క ఒక్కతే మొండికేసింది. భర్త బొగ్గుబావిలో పోయాక ఆమెకు మిగిలింది ఆ వంకాయ తోట ఒక్కటే. మడ్డి పడితే కాపు పెరుగుతుందని ఆశ.

"అంజన్నా, ఒంపు. ఆయన జరగకుంటే ఆయన మీదనే ఒంపు."

అంజన్న ఆమె వైపు చూశాడు. సిలువయ్య వైపు చూశాడు.

బండి వెనక్కి తిప్పి, గుంత దారి పట్టాడు.

సారక్క ఇద్దరినీ కలిపి తిట్టింది. తెల్లారేసరికి ఆమె గట్టు మీద పెంటకుప్ప ఉంది, ఇంకా ఆవిరి లేస్తూ. తిట్టుకుంటూనే చల్లుకుంది.

ఆ చలికాలపు పొద్దులు ఇప్పుడు తలుచుకుంటే కళ్ల ముందే ఉన్నట్టుంటాయి. వార్ధా నది మీది నుంచి మంచు దిగేది. ముందు ఎడ్ల గంటలు వినపడేవి. తర్వాత పెంటబండి కనపడేది. దాని వెనకాల తలకు మఫ్లరు చుట్టుకుని సిలువయ్య.

ఎవరి గట్టు దగ్గర బండి ఆగితే వాళ్లు మొహం తిప్పుకునేవారు.

భూమి ఉండి కూడా ఆయన కూరగాయలు కొనుక్కునేవాడు. బల్లార్‌పూర్ అంగడిలో నేరుగా సారక్క గంప దగ్గరికే వచ్చేవాడు.

"నా వంతు మింగింది సాలలేదా? నా వంకాయలు గూడ కావాల్నా?"

"కావాలె అక్కా. నీ చేన్లయైతెనే తింట."

ఆమె పుచ్చులు ఏరి మరీ సంచిలో వేసేది. ఆయన చూస్తూనే ఉండేవాడు. సంచి మూతి ముడేసుకుని పోయేవాడు.

పోయిన వానాకాలం సిలువయ్య చనిపోయాడు. చర్చివాళ్లే మోశారు. ఇక మడ్డి తమకే అని ఊరు లోలోపల సంతోషించింది.

మడ్డి రాలేదు. కొత్త రూలు వచ్చింది. అంతకుముందు రూల్లో లేని ఫ్యాక్టరీ మందుల పేర్లు రాసి, అవి కలిసిన మడ్డిని చేలల్లో పోయొద్దన్నారు. మడ్డి పోసిన ఊళ్లన్నిటా మన్ను పరీక్ష చేయమన్నారు.

ఆ పరీక్షకు సర్కారు పంపిన ఆశ అనే మేడం వచ్చి ప్రతి చేనులో మన్ను, ప్రతి బావిలో నీళ్లు సీసాలకెత్తుకుని పోయింది.

పక్క ఊళ్లో మడ్డి పోసిన చేలల్లో సాగు ఆపిస్తున్నారని తెలిసింది. సారక్క పొద్దంతా తోట గట్టు మీదే కూర్చుంది. తోట పోతే ఇక బతుకేముంది?

మేడం మళ్లీ వచ్చింది. మరాఠీ కలిసిన తెలుగు ఆమెది, పిన్నిని మావ్‌శీ అనేది.

"మావ్‌శీ, నీ చేను ఏకదమ్ మంచిగుంది. పంట ఏస్కో. ఈ ఊర్ల అందరియి మంచిగనే ఉన్నయి. మడ్డి ఉన్నది ఆ చివరి గుంతల ఒక్కదాంట్లనే. దాన్ని మేం తీయిస్తం."

"గంత చెడ్డదా మేడం అది?"

"దాంట్ల మందులు ఎండకు పోవు, వానకు పోవు. మన్నుల నుంచి పంటలకు, పంటల నుంచి మనుషులకు వస్తయి."

సారక్క అక్కడినుంచి నేరుగా అంజన్న ఇంటికి పోయింది.

"నీకు ఎరికేనా?"

"ఎరికే అక్కా."

"మరి నోరెందుకు తెరువలే?"

"సిలువయ్య ఒట్టు ఏయించుకున్నడు. ముందుగాల ఆఫీసుల సుట్టే తిరిగిండట. రూల్ల పేరు లేనిదాన్ని మేమెట్ల ఆపుతం అన్నరట. ఊర్ల చెప్దామంటే, ఆ మాట అంగడిదాక పోతే సారక్క గంప ఎవరు ముడ్తరు అన్నడు."

సారక్క గడప మీద కూర్చుండిపోయింది.

"నన్ను గన్ని తిట్లు తిట్టనిచ్చిండు," అంది. "గది విషమని ఆయనకెట్ల తెలిసె?"

అంజన్న బీడీ ఆర్పాడు.

"వాళ్ల ఊర్ల మడ్డి ట్రాక్టరు తోలింది ఆయనే అక్కా. మొదటి లోడు సంబురంగ సొంత చేన్లనే ఒంపుకున్నడు. ఆ చేను వంకాయలే ఆయన పెండ్లాం అంగట్ల అమ్మింది, మిగిలినయి ఇంట్ల వండింది. ఇద్దరు తిన్నరు, ఆమె ముందు పోయింది."