తాళాలాయన అనుమానం

“ఈ రిపోర్టు నాది కాదు,” అన్నాడు తాళాలాయన.

బీమా ఆఫీసు డాక్టరు తలెత్తలేదు. ఈ గదిలో అందరూ మొదట అనే మాట అదేనన్నట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు. షుగరు బొత్తిగా లేదనీ, మూత్రంలో ప్రొటీను మాత్రం విపరీతంగా పోతోందనీ, ఇది కిడ్నీల గొడవేననీ విడమరిచి చెప్పాడు. వెంటనే వైద్యం మొదలుపెట్టకపోతే ప్రాణం మీదకు వస్తుందన్నాడు.

“నాది కాదంటున్నాను కదండీ. సీసా ఎక్కడో మారింది.”

తాళాలాయనకు వీధి మొగలో చిన్న కొట్టు. మారు తాళంచెవులు చేయడం, బిగుసుకుపోయిన తాళాలు విప్పడం ఆయన పని. ఎంత గట్టి తాళమైనా చివరికి తెరుచుకుంటుందని తెలిసిన మనిషికి లోకం మీద నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది? తన కొట్టుకు తనే తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి లాగి చూసుకునే రకం.

కొడుక్కి మిలటరీలో ఉద్యోగం వచ్చింది. కొత్త జవాన్ల ఇళ్ళకు ఆరోగ్య బీమా వాళ్ళే వచ్చి వివరాలు చెప్పారు. భార్యాపిల్లలనైతే ఏ పరీక్షా లేకుండా చేర్చుకుంటారు. తల్లిదండ్రులను కూడా కలపాలంటే ఇద్దరికీ మూత్ర పరీక్ష చేయాలి. ఒకరిలో తేడా వచ్చినా ఇద్దరికీ లేనట్టే. అది కూడా కుర్రాడు ట్రైనింగుకు బండెక్కేలోగా తేలిపోవాలి, ఆ తరవాత కాళ్ళావేళ్ళా పడ్డా చేర్చుకోరు.

తాళాలాయన భార్యకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఆపరేషన్‌కు ఎంతవుతుందో ఆసుపత్రిలో విన్న రోజున ఆమె ఆ మోకాళ్ళతోనే ఇంటిదాకా నడిచింది. ఇప్పుడు ఈ బీమా ఒక్కటే ఆధారం.

“ఊరికే ఎవరు మోకాళ్ళు మారుస్తారే? ఇందులో ఏదో మెలిక ఉంది,” అన్నాడాయన అప్పుడే.

ఆ మెలిక ఇప్పుడు బయటపడింది. చేర్చుకోవడం ఇష్టం లేక ఇంకెవరి సీసాకో తన పేరు అంటించారు. మళ్ళీ పరీక్ష చేయాల్సిందేనని భీష్మించుకుని కూర్చున్నాడు. డాక్టరు విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. రేపు నిద్ర లేవగానే పట్టి, ఇంటి నుంచి తెమ్మన్నాడు.

ఇంటికొస్తే అక్కడా అనుమానాలే. కొడుకు గుమ్మంలో కూర్చుని బూట్లతో కుస్తీ పడుతున్నాడు. పరుగు అలవాటు చేసుకోవడానికి ఈమధ్యే కొన్నాడు. పొద్దున సరిపోతున్నాయట, సాయంత్రమయ్యేసరికి పట్టడం లేదట.

“షాపువాడు చిన్న సైజు అంటగట్టాడ్రా. బూట్లు సాయంత్రానికి కుంచించుకుపోతాయా ఎక్కడైనా?” అన్నాడు తండ్రి.

పొద్దుటిపూట వాడి కళ్ళు ఉబ్బి ఉంటున్న సంగతి కూడా ఆయన కనిపెట్టకపోలేదు. రాత్రుళ్ళు దుప్పటి ముసుగేసి ఏ అమ్మాయితోనో ఫోనులో మాట్లాడుతున్నాడని ఆయన లెక్క. ఎల్లుండి వెళ్ళిపోయేవాణ్ణి ఇప్పుడేం అంటాంలే అని ఊరుకున్నాడు. ఎంతయినా బంగారం లాంటి పిల్లవాడు. కిందటేడు మిలటరీ డాక్టర్లు కాలిగోటి నుంచి తల వెంట్రుక దాకా చూసి, వంక పెట్టలేకపోయారు. ఈ లోకంలో తాళాలాయన అనుమానించనిదేమన్నా ఉంటే అది కొడుకు ఒంటి గట్టిదనమే.

భార్య ఆయనకు చక్కెర లేని టీ తెచ్చిచ్చింది. డాక్టరు ఏమన్నాడని అడిగింది.

“ఏమంటాడు? సీసా వాళ్ళే పోగొట్టుకుని మళ్ళీ తెమ్మంటున్నారు,” అన్నాడు. ఆమె నమ్మింది. ఆ ఇంట్లో నమ్మడం ఆమె వంతు.

మర్నాడు సీసా చేతిసంచిలో పెట్టుకుని, ల్యాబు తలుపులు తీయకముందే వెళ్ళి నిలబడ్డాడు. పేరు చీటీ తన కళ్ళముందే అంటించమన్నాడు. చీటీ అంచు మీద నుంచి సీసా మీదికి వచ్చేలా అడ్డంగా సంతకం చేశాడు. మెషీను పక్కనే ఉంటానంటే ల్యాబు అమ్మాయి నవ్వుకుని స్టూలు వేసింది. టీ తాగి రమ్మన్నా కదల్లేదు. ఆ కాసేపట్లో ఎవరు ఏం చేస్తారో ఎవరికి తెలుసు?

ఎవరూ ఏమీ చేయలేదు. ఫలితం మాత్రం అదే వచ్చింది. మొదటిసారి కంటే కాస్త ఎక్కువే.

బీమా వాళ్ళు మోసం చేయలేదు. ల్యాబు వాళ్ళు మార్చలేదు. ఇంతకాలం తోడున్న అనుమానానికి పట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

డాక్టరు ఈసారి లేచి వచ్చాడు. ఆయన్ను బల్ల మీద కూర్చోబెట్టి, పాదం మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూశాడు.

“విచిత్రంగా ఉందే. ఈపాటికి మీ కాళ్ళు వాచిపోయి ఉండాలి,” అన్నాడు.

తాళాలాయన తన పాదాల వంక చూసుకున్నాడు. చెక్కముక్కల్లా ఎండిపోయి, గట్టిగా ఉన్నాయి. రేపు ఇంకోసారి చూద్దామంటూ డాక్టరు చేతిలో పెట్టిన ఖాళీ సీసాతో బయటికి నడిచాడు. ఆ పూట కొట్టు వైపు వెళ్ళలేదు.

ఇంటి ముందు గదిలో కొడుకు పెట్టె సర్ది ఉంది. పక్కన భార్య కూర్చుని వాడి చొక్కాలకు గుండీలు గట్టిపరుస్తోంది. కొడుకు గుమ్మంలో బూట్లు విప్పి, కాళ్ళు బారజాపుకుని ఉన్నాడు. తాళాలాయన వాడి ముందు నేల మీద చతికిలబడ్డాడు. వాడి పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు.

కొడుకు ఆయన చేతిలోకి చూసి నవ్వాడు.

“సీసా ఇలా ఇవ్వు నాన్నా, నీ షుగరు బయటపడకుండా ఈసారి కూడా నేనే పోసిస్తాను.”