వయొలిన్‌లో మా ఇల్లు

"ఆర్నెల్లయింది టీచర్! చుట్టాలొస్తే వాయించడానికి ఒక్క పాటైనా రాలేదు. రేపట్నుంచి మానిపించేస్తాను," అంది తల్లి, ఖాళీ వయొలిన్ పెట్టె తెరిచి, వయొలిన్ పట్టుకున్న కూతురి ముందు పెడుతూ.

"పాటలు ఇంకా మొదలుపెట్టలేదండీ. స్వరాలే వాయిస్తుంటే పిల్ల నిద్రపోతోంది. అందుకని తెలిసిన మనుషుల్ని వాయించమంటున్నాను," అంది టీచర్.

"మనుషుల్నా?"

"ఏదీ, మీ నాన్నమ్మని వాయించు," అంది టీచర్ పిల్లతో.

కమాను తీగ మీద కీచుమంది. ఆగింది. మళ్లీ అదే కీచు. మళ్లీ అదే.

తల్లికి నవ్వు ఆగలేదు. "అచ్చం మా అత్తగారే! చెప్పిందే చెబుతుంది మహాతల్లి. సరే, నన్ను వాయించు."

స్వరాలు గబగబా పైకెక్కి, అక్కడే నిలబడి కేకలేశాయి. ఆ తర్వాత ఒక్క స్వరం సన్నగా కిందికి జారి, వణుకుతూ చాలాసేపు సాగింది.

"ఆ చివరిది ఎవరే?"

"నువ్వేనమ్మా. నన్ను తిట్టాక వంటింట్లోకెళ్లి, కుళాయి తిప్పి ఏడుస్తావుగా."

ఆ నీళ్ల చప్పుడులో ఎవరికీ వినబడదనే అనుకుంది తల్లి ఇన్నాళ్లూ. టీచర్ వైపు చూడలేక, "మరి మీ నాన్నో?" అంది.

పిల్ల కమాను తీగలకు ఆనించి కదలకుండా నిలబడింది.

"వాయించవేం?"

"వాయిస్తున్నానమ్మా. నాన్న ఫోన్ చూసుకుంటున్నారు."

తల్లి పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"పాటలకేం తొందర్లేదు టీచర్," అంది. "ముందు మా ఆడపడుచు మీద సాధన చేయించండి."