వాలు మీద రసాల ట్రే

ఇన్ని శనివారాలు ఉపవాసాలుండి మొక్కుకుంటున్నా, బస్సు మెట్టు జానెడు కిందికి దిగదేమని శకుంతలకు ఏళ్లుగా ఓ అనుమానం.

చివరికి మెట్టు దిగలేదు. రోడ్డే పైకి లేచింది!

నూజివీడు మెయిన్ రోడ్డు రూపే మారిపోయింది. సైకిళ్లకు విడిగా దారి. నడిచేవాళ్లకు చదునైన బాట. బస్సు తలుపు ఎత్తుకు సరిగ్గా అందే అరుగు, దాని మీదికి వాలుదారి.

చక్రాల కుర్చీలో కూతురు సింధూర. హనుమాన్ జంక్షన్‌లో ఉద్యోగం, మొదటి రోజు. పుట్టాక మొదటిసారి, ఎవరూ ఎత్తకుండా బస్సెక్కబోతోంది.

"అమ్మా, బొట్టు చెరిగిందా?"

"లేదే తల్లీ. ఎనిమిదిన్నర బస్సు వచ్చేస్తుంది, పద పద!"

తీరా చూస్తే వాలుదారికి అడ్డంగా ఓ పెద్దాయన. చిన్న చక్రాల బండి మీద మామిడి రసాల ట్రే పెట్టి పైకి తోస్తున్నాడు, కిందికి లాగుతున్నాడు.

శకుంతలకు ఒళ్లు మండింది. కాయల సీజన్‌లో ప్రతివాడూ బస్సులో పార్శిల్ వేసేవాడే.

"ఏంటండీ, మీ కాయలకి ఇదే దొరికిందా? ఇది మా పిల్లలాంటోళ్ల కోసం వేసింది!"

"ఒక్క నిమిషం, అమ్మా."

పై అంచు దగ్గర చక్రం ఎగిరింది. ఓ పండు దొర్లి కిందపడింది.

"రత్నబాబూ! ఇక్కడ ఇంకా వేలెడెత్తు ఉంది. చెక్కేయ్!"

మేస్త్రీ రత్నబాబు ఉలి తీశాడు. "నెల్రోజుల్నించీ ఇదే పోరు మీతో!"

అతను చెక్కి సాపు చేసేలోగా ఎనిమిదిన్నర బస్సు వచ్చింది, వెళ్లిపోయింది.

"మొదటి రోజే పిల్లకి ఆలస్యం చేశారు! మీ రసాలు బంగారం గాను! ముందు ఇక్కణ్నించి కదలండి!"

ఆయన బండిని మళ్లీ వాలు మొదటికి తెచ్చాడు. ఇంకోసారి ట్రే తోశాడు. ఈసారి ఒక్క పండూ కదల్లేదు. బండి లాక్కుని, తల వంచుకుని వెళ్లిపోయాడు.

తొమ్మిదింటికి వెడల్పు తలుపుల కొత్త బస్సు వచ్చి అరుగుని ఆనుకుని ఆగింది.

సింధూర చక్రాలు తిప్పింది. వాలెక్కింది. అరుగు దాటింది.

"అమ్మా! ఎక్కేశా! నేనే ఎక్కేశానే!"

స్టాపులో ఉన్నవాళ్లంతా ఈలలు, చప్పట్లు. శకుంతల కదులుతున్న బస్సుకే దణ్ణం పెట్టింది. కళ్లు తుడుచుకున్నాక నాలిక్కరుచుకుంది.

"పెద్దాయన్ని ఊరికే నోటికొచ్చినట్టు అన్నాను. ఏ మండీ ఆయనది?"

"మండీ ఏంటండీ! పండు కదిలితే కుర్చీ కుదిపేస్తుందని ఆ ట్రేతో వాలు పరీక్షిస్తున్నారు!" అన్నాడు రత్నబాబు. "పదేళ్ల కిందట, కుండపోత వానలో ఈ పాపతో నిలబడ్డ మిమ్మల్ని ఎక్కించుకోకుండా 'రైట్' చెప్పేసిన కండక్టర్ ఆయనేనండీ, మీరు రాగానే గుర్తుపట్టి, ఇవాళ్టితో నా బాకీ తీరిపోద్దిరా అన్నారు."