నడుమ నలిగే చందమామ

"మీయమ్మ కావాల్నా, నేను కావాల్నా?" అని భార్య భాగ్యలక్ష్మి మొన్న అడిగింది. "నీ పెండ్లాం కావాల్నా, నేను కావాల్నా?" అని తల్లి గుర్వమ్మ నిన్న అడిగింది. గిరి సారుకు కావలసింది మాత్రం బుల్లెట్ బండి.

కొత్తకోట హైస్కూల్లో సైన్సు చెప్పే గిరి, ఆ బండి కోసం ఏళ్ల తరబడి చాయ్ కూడా పక్కవాళ్ల డబ్బులతోనే తాగుతున్నాడు. తీరా బుక్ చేద్దామనుకునేసరికి, ఫిబ్రవరిలోనే ఎండలు ముదిరి ఇంట్లో ఏసీ గొడవ మొదలైంది. తల్లి తన గదిలో పెట్టమంటుంది. భార్య తన గదిలో పెట్టమంటుంది. అది గిరి గది కూడానన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఒకరికి పెడితే రెండోవారు ఇల్లు విడిచిపోతామంటున్నారు. ఇద్దరికీ పెడితే బండి గంగలో కలిసినట్టే.

ఒకటి మాత్రం నయం. ఒకరు అలిగిన రోజు రెండోవారు అలగరు. అందుకే పొయ్యి ఆరకుండా ఉంది. అంతవరకు దేవుడు చల్లగా చూశాడనుకున్నాడు గిరి.

ఆ రోజు తొమ్మిదో తరగతిలో బుష్రా లేచి నిలబడింది.

"సార్, గురుగ్రహం సుట్టు అయో అని ఒక చందమామ తిరుగుతదట గద. సూర్యునికి గంత దూరంల ఉండి గూడ దాంట్ల అగ్నిపర్వతాలు ఎట్ల పేలుతయి?"

గిరి సొరుగులోంచి బైండింగ్ వైరు ముక్క తీసి, గబగబా అటూ ఇటూ వంచి ఆమె వేలికి తాకించాడు. బుష్రా చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కాలిందా? అయో బతుకు గిదే. ఒక దిక్కు గురుడు గుంజుతడు, ఇంకో దిక్కు తోటి చందమామలు గుంజుతయి. నడుమ ఇది సాగుతది, నలుగుతది. లోపలి రాపిడికి రాళ్లే కరుగుతయి."

"ఎన్నటికీ చల్లారదా సార్?"

"ఎట్ల చల్లారుతది బిడ్డా? అవి ఇష్టమొచ్చినట్టు గుంజవు. అయో నాలుగు సుట్లు తిరిగే లోపల ఒక చందమామ రెండు సుట్లు, ఇంకోటి ఒక్క సుట్టు తిరుగుతయి. వంతులేసుకున్నట్టు గుంజుతయి. గా లెక్క తప్పితే ఎప్పుడో సల్లబడేది."

అంత దూరాన తనలాంటి అభాగ్యుడొకడు ఉన్నాడని గిరికి ఏడుపొచ్చినంత పనైంది.

"పాపం, మరి అయో ఏం చేస్తది సార్?"

"ఏం చేస్తది? కక్కుతది."

గిరి కూడా అదే చేశాడు. మధ్యాహ్నం సెలవు పెట్టాడు. బండ్ల షోరూం ముందు తల తిప్పుకొని నడిచి, పక్క దుకాణంలో రెండు ఏసీలకు డబ్బు కక్కాడు. పోతే పోయింది ముదనష్టపు బండి, ఇద్దరూ ఇంట్లో ఉంటే అంతే చాలనుకున్నాడు. రశీదు మడిచి జేబులో పెట్టుకుంటే హాయిగా అనిపించింది.

రోజూ అయిదింటికి వచ్చే మనిషి ఆ రోజు నాలుగింటికే ఇల్లు చేరాడు. చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచి నవ్వులు వినిపించాయి. తలుపు సందులోంచి తొంగిచూశాడు. అత్తాకోడళ్లు చాట మధ్యలో పెట్టుకొని ఉడకబెట్టిన పల్లికాయ తింటున్నారు. కోడలు ఒలిచి అత్త నోట్లో పెడుతోంది.

గుర్వమ్మ గోడ గడియారం చూసి, చేతులు దులుపుకొని అంది: "పిలగాడు వచ్చే యాళ్లయితాంది గని లచ్చిమీ, ఇయ్యాల అలిగే వంతు నీదా, నాదా?"