రెండో కాపీ

“అయితే రెండివ్వండి,” అన్నాడు భర్త.

బ్లూరే డ్రైవు డబ్బా మీద దుమ్ము తుడుస్తున్న మెకానిక్ చెయ్యి ఆగిపోయింది. కంప్యూటర్ లోపల బిగించే ఈ డిస్కులు రాసే డ్రైవుల్ని, పెన్‌డ్రైవుల కాలంలో అడిగే నాథుడే లేడు. షాపులో మిగిలినవి సరిగ్గా రెండు. రెండేళ్ళుగా అరలో కూర్చుని అతని మొహమే చూస్తున్నాయి.

“రెండెందుకు సార్? ఎన్ని డిస్కులైనా ఒక్కటే రాసేస్తుంది.”

“ఆ డిస్కు ఇంకో కంప్యూటర్లో చూడాలంటే దానికీ ఇలాంటిదే ఉండాలని ఇప్పుడేగా అన్నారు?” అంది భార్య.

నిజమే, అన్నాడు మెకానిక్. కాళ్ళ దగ్గరికొచ్చిన బేరాన్ని చేతులారా తన్నుకోబోయినందుకు నాలిక్కరుచుకున్నాడు.

వాళ్ళ కంగారు వాళ్ళది. ఇంట్లో కంప్యూటర్ హార్డ్ డిస్కు మూడు రోజుల నుంచి టకటకమని చప్పుడు చేస్తోంది. కూతురు పుట్టిన దగ్గర్నుంచీ తీసిన తొమ్మిదేళ్ళ ఫొటోలు, వీడియోలు అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

“ఒకసారి రాశాక చెరపడానికి వీలుండదు కదా?” అని అడిగిందామె.

“ఆ బ్రహ్మ దిగొచ్చినా వీలుండదమ్మా.”

“అలాంటివే కావాలి. ఇవాళ సాయంత్రానికి అయిపోవాలి,” అన్నాడు భర్త.

మెకానిక్ సంచీ సర్దుకుని వాళ్ళ వెంట బయల్దేరాడు. వాళ్ళింటి హాల్లో గోడ పొడవునా అట్టపెట్టెలున్నాయి. కొన్నిటికి నీలం టేపు, కొన్నిటికి ఎర్ర టేపు వేసి ఉంది. సర్దుకోవడంలో కూడా ఎంత పద్ధతో అనుకున్నాడు.

“ఇల్లు మారుతున్నారా సార్?”

“అవునండీ.”

కంప్యూటర్ పక్క రేకు విప్పి, డ్రైవును ముందు నుంచి లోపలికి తోసి, నాలుగు స్క్రూలు బిగించాడు. రెండు వైర్లు తగిలించాడు. ఆమె టార్చి పట్టుకుంది. “చెయ్యి నొప్పి పుడుతుందేమో, మీరు కూర్చోండి. నేను పడతాను,” అన్నాడు భర్త. “ఫరవాలేదండీ,” అందామె. భార్యను ‘మీరు’ అనే మగవాణ్ణి మెకానిక్ తన సర్వీసులో చూడలేదు. ఆ మాట విని అతని మనసు చల్లబడింది, కొంచెం కుళ్ళు కూడా పుట్టింది. పొద్దున్నే తన ఇంట్లో తడి తువ్వాలు గురించి కురుక్షేత్రమే జరిగింది మరి.

“రెండో డ్రైవు దేనికి బిగించమంటారు?”

“దాన్ని డబ్బాలోనే ఉంచండి. తర్వాత చూసుకుంటాం.”

ఫొటోలన్నీ లెక్కేస్తే పెద్ద డిస్కు నిండా వచ్చాయి. “కొన్ని తీసేస్తే చిన్న డిస్కు సరిపోతుందమ్మా.”

“ఒక్కటీ తీయొద్దు,” అన్నారిద్దరూ ఒకేసారి.

తెర మీద ఓ ఫొటో తెరుచుకుంది. వానలో నిలువునా తడిసి, పగలబడి నవ్వుతున్న మొగుడూ పెళ్ళామూ. ఆయన కిటికీ వైపు చూశాడు. ఆమె పక్కనే నిలబడ్డ కూతురి జడ సరిచేసింది. ఎంత సిగ్గో అనుకుని మెకానిక్ ముసిముసిగా నవ్వుకున్నాడు.

మొదటి డిస్కు రాయడం మొదలైంది. ఒక్కోదానికీ గంటకి పైనే పడుతుంది. ఈలోగా అతని ఫోన్ మోగింది.

“గ్యాస్ లైటర్ ఎక్కడ తగలేశావ్?” అతని భార్య గొంతు హాలంతా వినిపించింది.

“నాకేం తెలుసు?”

“పొద్దున టీ పెట్టింది నువ్వు కాదూ? నీ సంచీలో చూడు!”

చూశాడు. స్క్రూడ్రైవర్ల మధ్య లైటర్ ఉంది.

“ఉందా? నీ బుర్రకి కూడా ఓ కాపీ తీసి పెట్టుకో! తొందరగా తగలడు. నువ్వొచ్చేదాకా నేనూ తినను,” అని ఫోన్ పెట్టేసింది.

మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది.

“పెళ్ళై ఎన్నేళ్ళయింది?” అని అడిగాడు భర్త.

“పదకొండు సార్.”

“ఇంకా పోట్లాడుకుంటున్నారా? అదృష్టవంతులు.”

దెప్పితే దెప్పాడులే అనుకున్నాడు మెకానిక్. మాట మార్చడానికి తన వృత్తి ధర్మం చెప్పాడు. “రెండు కాపీలూ ఒకే చోట పెట్టకండి సార్. ఒకటి ఒక ఇంట్లో, రెండోది ఇంకో ఇంట్లో ఉంచాలి. ఒక ఇంటికి నీళ్ళొచ్చినా, నిప్పొచ్చినా రెండోది మిగులుతుంది.”

వాళ్ళిద్దరూ మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అలాగే ఉంటాయండీ,” అందామె మెల్లగా.

రెండో డిస్కు కూడా పూర్తయ్యేసరికి నాలుగైంది. రెంటినీ తెరిచి చూసుకున్నాడు. ఒక్క ఫొటో పోలేదు. హార్డ్ డిస్కు ఇంకా టకటకమంటూనే ఉంది గానీ ఇక దానికేమైనా భయం లేదు.

“పైన పేర్లు రాయాలి. లేకపోతే రేపు ఏది ఏదో తెలీదు,” అని మార్కర్ తీశాడు.

“పాప రాస్తుందిలెండి,” అన్నాడు భర్త.

కూతురు మార్కర్ తీసుకుని, ఓ అట్టపెట్టె మీద కూర్చుని, నాలుక బయటపెట్టి గుండ్రంగా రాయసాగింది. మెకానిక్ సామాను సర్దుకుంటూ గట్టిగా నిశ్చయించుకున్నాడు. ఇవాళ్టి నుంచి తను కూడా గొంతు పెంచడు. ఇంటికి వెళ్ళగానే భార్యను ‘మీరు’ అని పిలుస్తాడు. నవ్వితే నవ్వనీ. ఈ ఇంటి ప్రశాంతత తన ఇంటికి కూడా రావాలి.

“సిరా ఆరిందా తల్లీ?” అంటూ డిస్కులు అందుకున్నాడు.

ఒకదాని మీద ‘అమ్మ ఇల్లు’, ఇంకోదాని మీద ‘నాన్న ఇల్లు’ అని ఉంది.